హాజరు మాత్ర

పార్లర్ తలుపులు తెరిచాక మొదట జరిగే పని ఊడ్చడం కాదు, అద్దాలు తుడవడమూ కాదు. మేడమ్ కౌంటర్ సొరుగులోంచి గాజు సీసా బయటికి తీసేది. పనివాళ్లు ఏప్రన్లు కట్టుకుని ఆమె ముందు నిలబడి చేతులు చాపేవారు. ఒక్కో అరచేతిలో ఒక గులాబిరంగు మాత్ర పడేది. అది గొంతు దిగిందాకా చూసి మేడమ్ తల ఊపేది. ఆ తల ఊపుడే హాజరు. మింగనివాళ్లు ఆ రోజు పనికి రానట్టే. అందుకని పనివాళ్లు దానికి హాజరు మాత్ర అని పేరు పెట్టుకున్నారు.

అది జుట్టుకి బలమిచ్చే విటమిన్. మన తలే మన బోర్డు అనేది మేడమ్. జుట్టు రాలిపోతున్న మనిషి చేతికి తన తల ఎవరప్పగిస్తారని ఆమె ప్రశ్న. తను కూడా రోజూ అందరి ముందే ఒకటి వేసుకునేది. "వెంట్రుక కట్టి కొండని లాగుతున్నామనుకోండి. వస్తే కొండ, పోతే వెంట్రుక," అని నవ్వేది.

కత్తెరక్కకి మాత్రం రెండు మాత్రలు. ఆమె జుట్టే అందరికన్నా పలచబడింది కాబట్టి.

కత్తెరక్క అసలు పేరు పార్లర్‌లో ఎవరూ వాడరు. చాలా ఏళ్లుగా కటింగ్ కుర్చీ ఆమెదే. చెవి చుట్టూ కత్తెర తిప్పుతుంటే కస్టమర్లు కునుకు తీసేవారు. ఆమెకి ఒక అలవాటు ఉండేది. ఎవరు కూర్చున్నా ముందు కత్తెర పట్టదు, రంగు కలపదు. జుట్టు వేళ్ల మధ్యకి తీసుకుని, తలకి ఈమధ్య ఏం రాశారని అడుగుతుంది. ఏమీ లేదంటారు అందరూ. ఆ మాట ఆమె చెవిన వేసుకోదు. నూనె రాశారా, చుట్టాలెవరైనా తెచ్చిన క్రీమా, ఇంట్లో పిల్లలు తెచ్చిన రంగా, తెల్లవెంట్రుకలు కనపడకుండా మస్కారా లాంటిది ఏదైనా పూశారా అని ఒక్కొక్కటీ అడుగుతుంది. మూడో నాలుగో ప్రశ్న దగ్గర ఎవరైనా సరే, "ఓ, అదా? అదీ లెక్కేనా?" అంటారు. అదే లెక్క. పాత రంగుమీద కొత్త మందు పడితే జుట్టు గడ్డిలా విరుగుతుంది. తను పని నేర్చుకునే రోజుల్లో ఒకావిడ ముందుజుట్టు అలాగే విరిగింది. ఏమీ లేదన్న మాట మనుషులు అబద్ధమాడాలని అనరు, వాళ్ల లెక్కలో అది నిజంగానే ఏమీ కాదు అని కత్తెరక్క కొత్తవాళ్లకి చెప్పేది.

ఇంత తెలిసిన మనిషి, తన వంతు వచ్చినప్పుడు ఏమీ లేదనే చెప్పింది.

ఒళ్లు మారడం మాత్రలకన్నా ముందే మొదలైంది. జుట్టు ఊడటం, తిన్నా తినకపోయినా లావెక్కడం, మధ్యాహ్నమయ్యేసరికి కళ్లు మూతలు పడటం. గొంతు బొంగురుపోయింది. ఫ్యాన్ కింద అందరూ చెమటలు తుడుచుకుంటుంటే ఆమె స్వెటర్ వేసుకునేది. ఇంట్లో అత్తగారు ఆ స్వెటర్ని చూసినప్పుడల్లా ఒక మాట వేసేది. కోడలికి మంచు కురిసే దేశంలో పెళ్లి చేయాల్సింది, పొరపాటున మావాడికి చేశారు అని. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. కోపం తక్కువ, మాట ఇంకా తక్కువ. రక్తపరీక్ష చేయించుకో, ఊరికే అనుకోవడమెందుకు అన్నాడు.

పార్లర్‌కి దగ్గర్లోనే ఒక క్లినిక్ ఉంది. కింద పరీక్షల గది, పైన డాక్టరు గది. పరగడుపున రమ్మన్నారు. మేడమ్ కాస్త ఆలస్యానికి ఒప్పుకుంది కానీ, హాజరు వేయించుకునే వెళ్లమంది. కత్తెరక్క పొద్దున్న వచ్చి చెయ్యి చాపి, రెండు మాత్రలూ గుక్కెడు నీళ్లతో మింగి, నేరుగా పరీక్షల గదికి నడిచింది. అక్కడ సూది పట్టుకున్న అమ్మాయి ఏమైనా తిన్నారా అని అడిగింది. లేదని చెప్పింది. తినలేదు కాబట్టి అది నిజమే. పైన డాక్టరు మందులేమైనా వాడుతున్నారా అని అడిగాడు. దానికీ లేదనే చెప్పింది. జబ్బుకి డాక్టరు రాసేది మందు. పనిలో చేరేముందు యజమాని చేతిలో పెట్టేది మందెలా అవుతుంది? అది హాజరు మిషన్ మీద వేలు పెట్టినట్టు, సంతకం చేసినట్టు.

డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. రిపోర్టు వచ్చాక కంప్యూటర్ తెరని ఆమె వైపు తిప్పి వివరించాడు కూడా. గొంతు దగ్గర సీతాకోకచిలుక ఆకారంలో ఒక గ్రంథి ఉంటుంది, దాని పేరు థైరాయిడ్. అది తయారుచేసే సరుకు టీ4, టీ3. దాని చేత పని చేయించేది మెదడు కింద ఉన్న ఇంకో చిన్న గ్రంథి, అది పంపే హుకుం పేరు టీఎస్‌హెచ్. కింద పని తగ్గితే పైనుంచి హుకుం పెరుగుతుంది. కింద పని మితిమీరితే పైవాడు నోరు మూసుకుంటాడు. కత్తెరక్కకి వెంటనే అర్థమైంది. టీఎస్‌హెచ్ అంటే మేడమ్ అరుపు, టీ4 అంటే మేం చేసే పని, అంతే కదండీ అంది. డాక్టరు నవ్వి, సరిగ్గా అంతే అన్నాడు.

ఆమె రిపోర్టులో అరుపు దాదాపు లేదు. పని హద్దు దాటి ఉంది. అంటే గ్రంథి విపరీతంగా పనిచేస్తోంది, దాన్ని అణచాలి. మందు రాశాడు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన కళ్లు తెరమీదే ఉన్నాయి. ఎదురుగా స్వెటర్ వేసుకుని, ముఖం ఉబ్బి, మాట మాటకీ మధ్య ఆగుతూ కూర్చున్న మనిషి మీద లేవు.

ఆ సాయంత్రం అత్తగారు కూరగాయలు తరుగుతూ, కోడలు చెప్పిందంతా విని చాకు కింద పెట్టింది. థైరాయిడ్ ఎక్కువైన మనిషి ఆమె తోడబుట్టినదే. ఆ అక్క ఎముకల గూడైపోయింది. కళ్లు బయటికి పొడుచుకొచ్చాయి. గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికేవి. చలికాలంలో కిటికీలు బార్లా తెరిచేది. రాత్రింబవళ్లు ఇల్లంతా తిరిగేది, గుండె గుర్రంలా పరిగెత్తుతోందనేది.

"నువ్వు చూస్తే కూర్చున్నచోట కునికిపాట్లు పడుతున్నావు. మా అక్కకొచ్చిన జబ్బు నీకొచ్చిందంటే నేను నమ్మను గాక నమ్మను."

"మిషన్ చెప్పిందమ్మా. మిషన్ కన్నా నీకు తెలుసా?" అన్నాడు కొడుకు.

"నువ్వు బాగుచేసే లిఫ్టులు కూడా మిషన్లేగా. మూడో అంతస్తు నొక్కితే ఐదో అంతస్తులో దింపిన రోజులు లేవా?"

కొడుకు నవ్వేశాడు. కత్తెరక్క మందు మొదలుపెట్టింది.

మందుతో ఒళ్లు తేలికపడాలి. ఆమె మాత్రం రోజురోజుకీ బరువెక్కింది. ఉంగరం వేలికి పట్టడం మానేసింది. మెట్లెక్కుతూ మధ్యలో గోడ పట్టుకుని నిలబడేది. కస్టమర్ తల వెనక చేతులెత్తి పట్టుకోవడం కష్టమైంది. ఒకసారి కత్తెర మొన ఒకావిడ చెవికి తగిలింది. చిన్న గీరే, నెత్తురు కూడా పెద్దగా రాలేదు. కానీ ఇన్నేళ్లలో అదే మొదటిసారి. ఇంట్లో కూతురు బడి పాఠం అప్పజెబుతుంటే ఈమె మధ్యలోనే నిద్రపోయేది. చిన్నది ఆమె కనురెప్ప పైకెత్తి, లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగేది.

మళ్లీ పరీక్ష చేశారు. మళ్లీ పొద్దున్నే, హాజరు వేయించుకుని వెళ్లాకే. అంకెలు రవ్వంత కూడా మారలేదు. జబ్బు మందుకి లొంగడం లేదని డాక్టరు మోతాదు పెంచాడు. ఇంకో పరీక్ష కూడా రాశాడు. గ్రంథిని వెనకనుంచి ఎగదోసే పదార్థం రక్తంలో ఉందేమో చూసే పరీక్ష అది. ఉందని వచ్చింది. ఒకదానికొకటి సరిపోయే కాగితాలు మూడు. తప్పు పట్టడానికి సందే లేదు. సరిపోనిది ఒక్క మనిషే.

ఈ మధ్యలో పార్లర్‌లో ఇంకో వింత జరిగింది. కత్తెరక్క పక్క కుర్చీలో గోళ్లకి రంగులేసే అమ్మాయి కూర్చుంటుంది. అందరూ గోళ్లమ్మాయి అంటారు. ఇరవై దాటిన పిల్ల, గంతులేస్తూ తిరుగుతుంది, ఏ రోగమూ లేదు. మేడమ్‌కి మాత్రం అనుమానం వచ్చింది, ఇద్దరూ ఒకే బాటిల్‌లో నీళ్లు తాగుతారు కదా అని. పోయి పరీక్ష చేయించుకోమని పంపింది. గోళ్లమ్మాయి కూడా హాజరు వేయించుకునే వెళ్లింది. ఆమె అంకెలూ అలాగే వచ్చాయి. కత్తెరక్కకి వచ్చినంత కాదు కానీ, అటువైపే.

అంతే, థైరాయిడ్ అంటుకుంటుందని మేడమ్ తేల్చేసింది. అంటుకోదు మేడమ్ అని చెప్పినవాళ్లకి, మరి ఈ పిల్లకి ఎలా వచ్చిందో చెప్పండి అని ఎదురు ప్రశ్న వేసింది. దాని జవాబు అందరి కడుపుల్లోనే ఉంది, ఎవరికీ తట్టలేదు. కత్తెరక్కని కటింగ్ కుర్చీ నుంచి తీసి, వెనక గదిలో తువ్వాళ్లు ఉతికే దగ్గర వేశారు. ఆమె దువ్వెనలు విడిగా ఒక డబ్బాలో పెట్టారు. ఆమె గ్లాసు మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టారు. ఆ చుక్క పెట్టే పని గోళ్లమ్మాయికే చెప్పారు. ఆమె తన గ్లాసు మీద కూడా ఒకటి పెట్టుకుని, మనిద్దరం ఒక పార్టీ అక్కా అంది. గోళ్లమ్మాయికి కూడా అదే మందు రాశారు. భయపడి ఆ పిల్ల ఇంకా మందు కొనలేదు.

పొద్దున్నే మాత్ర మాత్రం ఆగలేదు. వెనక గదిలో ఉన్నా కత్తెరక్క వచ్చి చెయ్యి చాపాల్సిందే. దూరం నుంచి వేస్తాను, పట్టుకో అనేది మేడమ్.

చివరికి డాక్టరు ఇక మందులతో లాభం లేదన్నాడు. పెద్దాసుపత్రిలో ఒక మందు తాగిస్తారు. అందులో రేడియో అయోడిన్ ఉంటుంది. అది నేరుగా గొంతులోని గ్రంథిలోకి వెళ్లి దాన్ని లోపలినుంచే మాడ్చేస్తుంది. తర్వాత గ్రంథి పనిచేయదు కాబట్టి బతికినన్నాళ్లూ మాత్ర వేసుకోవాలి. తాగినాక ఒంట్లోంచి రేడియేషన్ వస్తుంది కాబట్టి కొన్నాళ్లు పిల్లని పక్కలో పడుకోబెట్టుకోకూడదు, దగ్గరికి తీసుకోకూడదు. చాలామందికి ఇస్తాం, భయపడాల్సింది లేదు అన్నాడు. నిజమే, ఆ జబ్బున్నవాళ్లకి అది మంచి వైద్యమే.

"మాడ్చాక మళ్లీ రాదా?" అని అడిగింది కత్తెరక్క.

"రాదు. అది పోయినట్టే."

ఇంట్లో ఆ రోజు నుంచే సర్దుకోవడం మొదలైంది. చిన్నదాని పరుపు నానమ్మ గదిలోకి మార్చారు. భర్త పెద్దాసుపత్రికి వెళ్లే బస్సు నంబరు కనుక్కొచ్చాడు. అత్తగారు కోడలి దగ్గరికొచ్చి, ఎప్పుడూ లేనిది, ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇంత చల్లగా ఉందేంటే ఈ చెయ్యి? మా అక్క చెయ్యి పట్టుకుంటే పెనం ముట్టుకున్నట్టుండేది. అమ్మాయ్, మీ మేడమ్ ఏమంటుంది, వస్తే కొండ పోతే వెంట్రుక అనేగా? ఇక్కడ పోయేది వెంట్రుక కాదు. తాగేముందు అక్కడ ఇంకెవరినైనా అడుగు. నా మాటగా అడుగు, తిడితే నన్ను తిడతారు."

పెద్దాసుపత్రిలో ఆ మందు అడిగిన వెంటనే చేతికివ్వరు. ముందు స్కాన్ తీస్తారు. చేతికి చిన్న సూదిమందు ఇచ్చి, కాసేపాగి, గొంతు మీదికి పెద్ద కెమెరా వంచుతారు. గ్రంథి ఎంత ఆబగా ఆ మందుని పీల్చుకుంటే బొమ్మ అంత నల్లగా వస్తుంది. రక్తపరీక్ష ఊళ్లో ఉన్న సరుకు ఎంతో చెబుతుంది, స్కాన్ ఆ సరుకు చేసే కార్ఖానాలోకే తొంగిచూస్తుంది అని బొమ్మ తీసే ఆయన చెప్పాడు. ఇందుకోసం గ్రంథిని అణిచే మందుని ముందే మానమన్నారు, మానింది. హాజరు మాత్ర గురించి ఎవరూ చెప్పలేదు, మానలేదు.

బొమ్మ వచ్చాక అక్కడి డాక్టరమ్మ ఆమెని లోపలికి పిలిచింది. పెద్ద వయసు మనిషి, కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి పెట్టుకుని ఉంది. ఒక చేతిలో స్కాన్ బొమ్మ, ఇంకో చేతిలో రక్తం రిపోర్టులు. నిప్పులు చెరుగుతూ ఉండాల్సిన గ్రంథి ఆ బొమ్మలో అక్కడక్కడా బూడిద మరకలా ఉంది. డాక్టరమ్మ కాగితాలు రెండూ పక్కన పెట్టేసింది. కత్తెరక్క మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూస్తూ చాలాసేపు ఉంది. నాడి నిదానంగా, ఎవరో తీరిగ్గా తలుపు తట్టినట్టు కొట్టుకుంటోంది. తర్వాత కుర్చీ మీద మోకాళ్లతో నిలబడమని చెప్పి, పాదాలు గాల్లో వేలాడుతుండగా మడమ వెనక చిన్న రబ్బరు సుత్తితో తట్టింది. పాదం చటుక్కున ఎగిరింది. కానీ తిరిగి రావడానికి బద్ధకించింది, నిద్ర లేపితే మళ్లీ దుప్పటి కప్పుకునే పిల్లలా మెల్లగా వెనక్కి వాలింది.

"మీ రక్తం ఒక మాట చెబుతోంది, మీ ఒళ్లు ఇంకో మాట చెబుతోంది," అంది డాక్టరమ్మ. "మందులేం వాడుతున్నారు?"

"ఏమీ లేదండి. థైరాయిడ్‌దే, అదీ మానేశాను."

డాక్టరమ్మ ఆ మాట చెవిన వేసుకోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"మందులు వదిలెయ్యండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి నోట్లో ఏమేం పడతాయో ఒక్కొక్కటీ చెప్పండి. బలానికి టానిక్? ఎవరో మంచిదని ఇచ్చిన పొడి? నిద్రకి, జుట్టుకి, చర్మానికి…"

కత్తెరక్క ఒక్కసారి తలెత్తింది. ఇది తన ప్రశ్న. రోజూ తను అడిగే ప్రశ్న. అవతలివాళ్లు ఆ చోట ఏమంటారో ఆమెకి తెలుసు. ఆ మాటే ఆమె నోటినుంచి వచ్చింది.

"ఓ, జుట్టుదా? అది కూడా లెక్కేనా అండీ?"

అదే లెక్క. జుట్టుమాత్రల్లో బయోటిన్ అనే విటమిన్ పెద్ద మోతాదులో ఉంటుంది. దానివల్ల ఒంటికి హాని లేదు. కానీ చాలా లేబొరేటరీల్లో థైరాయిడ్ కొలిచే పద్ధతిలో అదే బయోటిన్‌ని జిగురులా వాడతారు. రక్తంలో అప్పటికే అది కుప్పలుగా ఉంటే జిగురు దారి తప్పుతుంది, లెక్క తలకిందులవుతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తాయి. గ్రంథిని ఎగదోసే పదార్థం ఉందన్న పరీక్ష కూడా అలాగే మోసపోతుంది. మాత్ర వేసుకున్న కాసేపటికే నెత్తురు తీస్తే మరీను. డాక్టరమ్మ ఇవన్నీ చెప్పి, ఎర్ర బల్బు కింద చీర రంగు చూసినట్టు అని ముగించింది. కత్తెరక్క జుట్టు రంగు అని దిద్దుకుంది మనసులో.

అయోడిన్ మందు ఆ రోజు ఇవ్వలేదు. హాజరు మాత్రలు కొద్దిరోజులు పూర్తిగా మానేసి, మళ్లీ రక్తం ఇవ్వమన్నారు. కత్తెరక్క పనికి సెలవు పెట్టింది. పార్లర్‌కి వెళితే చెయ్యి చాపాలి కదా. ఆ రోజు ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. తాగావా అని అడిగింది. తాగలేదు అనగానే, ఆమె లోపలికెళ్లి చిన్నదాని పరుపు తెచ్చి పాత చోట పరిచింది.

కొత్త రిపోర్టు వచ్చింది. ఈసారి టీఎస్‌హెచ్ ఆకాశంలో ఉంది, టీ4 పాతాళంలో ఉంది. పైవాడు గొంతు చించుకుని అరుస్తున్నాడు, కింద పనివాడు స్పృహ తప్పి పడున్నాడు. ఇన్నాళ్లూ అరుపు వినపడలేదు, అంతే. ఇంకో రకం పరీక్ష కూడా చేశారు. ఒంట్లోని కాపలాదళమే తన గ్రంథిని శత్రువనుకుని మెల్లమెల్లగా తినేస్తోందని అందులో తేలింది. అంటే మొదటినుంచీ గ్రంథి నీరసంగానే ఉంది. దానికి బలమివ్వాల్సింది పోయి, మోతాదు పెంచి మరీ పీక నొక్కారు. ఇందులో జబ్బు వాటా ఎంత, మందు చేసిన నష్టం ఎంత అని ఇప్పుడే విడదీయలేం, కొన్నాళ్లాగి మళ్లీ చూద్దాం అంది డాక్టరమ్మ. అసలు జబ్బుకి మందు రాసింది. గోళ్లమ్మాయి కూడా మాత్ర మానేసి పరీక్ష చేయించుకుంటే, ఆమెకి అసలు ఏమీ లేదు.

కత్తెరక్కకి కోపం రావడానికి కూడా కొంత సమయం పట్టింది. ఆ జబ్బులో కోపం కూడా నిదానంగానే వస్తుంది. బస్సులో కూర్చున్నాక వచ్చింది. తను తువ్వాళ్లు పిండిన రోజులు గుర్తొచ్చాయి, గ్లాసు మీద చుక్క గుర్తొచ్చింది, నానమ్మ గదిలో పడుకోనని మారాం చేసి ఏడ్చిన పిల్ల గుర్తొచ్చింది. ఇంటి దగ్గర దిగలేదు. క్లినిక్ దగ్గర దిగింది.

చిన్న డాక్టరు కొత్త రిపోర్టు చూశాడు. పెద్దాసుపత్రి వాళ్ల చీటీ చదివాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా గొంతు తగ్గించలేదు.

"మందులేమైనా వాడుతున్నారా అని అడిగానమ్మా. లేదన్నారు. ఇదిగో, రాసుకున్నాను కూడా."

"అన్నాను. నేను కాదనడం లేదు. మా దగ్గరికొచ్చేవాళ్లు కూడా తలకి ఏమీ రాయలేదనే అంటారు. ఆ మాట నమ్మి రంగు పూస్తే జుట్టు విరుగుతుంది. అప్పుడు మీరు చెప్పలేదుగా అని నేనంటే ఎవరైనా ఊరుకుంటారా?"

"చూడండి, ఇది చాలా అరుదైన…"

"అరుదేం కాదు. మా పార్లర్‌లో పొద్దున్నే అందరం మింగుతాం. ఇంకొకటి డాక్టరు గారూ. ఇన్నిసార్లు వచ్చాను, ఒక్కసారైనా నా చెయ్యి పట్టుకుని చూశారా?"

"రిపోర్టు అంత స్పష్టంగా ఉన్నప్పుడు…"

"నా ఒళ్లు కూడా స్పష్టంగానే ఉంది. ఇంత లావు మనిషిని, ఎండలో స్వెటర్ వేసుకుని వచ్చి కూర్చున్నాను. ఇంతకన్నా స్పష్టంగా ఎలా ఉండాలి?"

ఆ బొంగురు గొంతుతో అంత మాట్లాడేసరికి ఆమెకి ఆయాసం వచ్చింది. లేచి వచ్చేసింది. తలుపు పూర్తిగా మూసుకోకముందే తర్వాతి మనిషి లోపల కూర్చున్నట్టు చప్పుడైంది. మందులేమైనా వాడుతున్నారా అని డాక్టరు అడగడం వినిపించింది. లేదండి అన్నారెవరో. కత్తెరక్క మెట్టు మీద ఆగిపోయింది. తర్వాత, సరే అన్న మాట వినిపించింది, కీబోర్డు టకటకలాడింది.

ఆమె వెనక్కి వెళ్లలేదు. ఒంట్లో అంత ఓపిక లేదు. కింద పరీక్షల గది ముందు వరసగా కూర్చున్న ఆడవాళ్లని చూసి మాత్రం, జుట్టుకి మాత్రలు వేసుకునేవాళ్లుంటే ఇవాళ నెత్తురివ్వకండమ్మా, ముందు లోపల చెప్పండి అంది. సగం మంది విననట్టు ఊరుకున్నారు. ఒకావిడ చేతిసంచి తెరిచి లోపల ఏదో వెతుక్కుంది.

మేడమ్‌కి చెప్పడం అంతకన్నా కష్టమైంది. మేడమ్ అంతా విని నొచ్చుకుంది, తర్వాత మండిపడింది. సొంత ఖర్చుతో పెడితే విషం పెట్టినట్టు మాట్లాడతావా అంది. విషం కాదు మేడమ్, పరీక్షకి ముందు వేసుకోకూడదంతే అని కత్తెరక్క చెప్పింది. అయితే పరీక్షల రోజు మానెయ్యి, మిగతా రోజులు వేసుకో అంది మేడమ్. ఒక్క రోజు మానితే సరిపోదు, తనకి ఇక తరచూ పరీక్షలుంటాయి, అసలే వద్దు అంది కత్తెరక్క. పైగా నేను వేసుకుంటున్నది ఏంటో, ఎందుకో అడగకుండా ఇన్నాళ్లూ చెయ్యి చాపాను, అది నా బుద్ధితక్కువ, ఇక చాపను అని కూడా అనాలనుకుంది. అనలేదు. కుర్చీ తిరిగి ఇస్తారా అని మాత్రం అడిగింది. అంటుకునే జబ్బు కాదని తేలింది కాబట్టి మేడమ్‌కి కాదనడానికి కారణం దొరకలేదు. సరే, రేపట్నుంచి అంది.

మర్నాడు తలుపులు తెరిచారు. మేడమ్ సొరుగులోంచి గాజు సీసా తీసింది. ఎప్పటిలాగే అందరూ వరసలో నిలబడ్డారు. ఒక్కో అరచేతిలో మాత్ర పడుతూ వచ్చింది. గోళ్లమ్మాయి తనది అందుకుని, నోటిదాకా తీసుకెళ్లి, కత్తెరక్క వైపు చూసింది. అది గొంతు దిగిందో లేదో చూడకుండానే మేడమ్ అప్పటికి కత్తెరక్క ముందుకొచ్చి ఆగింది. సీసా వంచింది.

కత్తెరక్క చేతులు ఏప్రన్ జేబుల్లో ఉన్నాయి.

"చెయ్యి," అంది మేడమ్.

"వద్దు మేడమ్."

"అందరికీ ఒకటే రూలు. మింగకపోతే హాజరు పడదు. నీకోసం మార్చలేను."

కటింగ్ కుర్చీలో అప్పటికే ఒకావిడ కూర్చుని ఉంది. పాత కస్టమరే. ఈమె కోసమే ఇన్నాళ్లూ జుట్టు పెంచుకున్నానని లోపలికొస్తూ అంది. అద్దంలోంచి వీళ్లిద్దరినీ చూస్తోంది.

"అయితే ఇవాళ నేను రాలేదనుకోండి," అంది కత్తెరక్క.

వెళ్లి కుర్చీ వెనక నిలబడింది. కస్టమర్ మెడ చుట్టూ గుడ్డ కట్టింది. చేతులు ఇంకా బరువుగానే ఉన్నాయి, కొత్త మందు పని మొదలుపెట్టడానికి వారాలు పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. అందుకని తొందరపడలేదు. జుట్టు వేళ్ల మధ్యకి తీసుకుని, తలకి ఈమధ్య ఏం రాశారని అడిగింది.

వెనకాల సీసా మూత బిగించిన చప్పుడైంది. మింగని మాత్రని బిగించి పట్టుకున్న గోళ్లమ్మాయి పిడికిలి ఇంకా తెరుచుకోలేదు.